కార్బన్ ఫ్రేమ్ నడక దాని అచ్చులోనే తేలిపోతుంది

కార్బన్ మౌంటెన్ బైక్ ఫ్రేమ్ ఏదైనా సరే, పుట్టేది ఒక లోహపు దిమ్మెలో. రెండు చెక్కలుగా తెరుచుకునే ఆ దిమ్మెలో ఫ్రేమ్ ఆకారం లోతుగా చెక్కి ఉంటుంది. తైవాన్‌లోనో, చైనాలోనో, వియత్నాంలోనో ఉన్న ఫ్యాక్టరీలో పనివాళ్లు రెజిన్ అనే జిగురు పట్టించిన కార్బన్ గుడ్డను ముక్కలుగా కోస్తారు. ఏ ముక్క ఎక్కడ, ఏ కోణంలో పడాలో చెప్పే పటం ఎదురుగా ఉంటుంది. దాని ప్రకారం ఒక్కో ముక్కా చేత్తోనే అతికిస్తారు. ఫ్రేమ్ ముందు సగం, అంటే ముందు ట్రయాంగిల్, ఒక్కదానికే వందల ముక్కలు పడతాయి. అంతా పేర్చాక అచ్చులో పెట్టి మూసి, లోపలి సంచిలోకి గాలి కొట్టి, వేడెక్కిస్తారు. రెజిన్ పల్చబడి పొరల్లోకి పాకుతుంది, పొరలు అచ్చు గోడకు అదుముకుంటాయి, ఆ తర్వాత అంతా కలిసి గట్టిపడుతుంది.

ఆ అచ్చు సైజుకొకటి కావాలి. ఒక్కోదానికి పదుల వేల డాలర్లు అవుతుంది. ముందూ వెనకా కుదుపులకు అణిగే ఏర్పాటున్న ఫుల్ సస్పెన్షన్ బండికి ముందు ట్రయాంగిల్ వేరు, వెనక చక్రాన్ని పట్టుకునే వెనక ట్రయాంగిల్ వేరు, మధ్యలో ఊగే లింక్ వేరు. కంపెనీ లెక్క ఇక్కడే మొదలవుతుంది. ఐదు సైజులకు ఐదు ముందు ట్రయాంగిళ్లు తప్పవు, వెనకదానికి మాత్రం ఒక్క అచ్చుతో సరిపెట్టేద్దాం అనుకుంటారు. నా ఫిర్యాదంతా ఈ సరిపెట్టడం మీదే. మలుపులో బండి ఎలా తిరుగుతుంది, కొండ ఎక్కేటప్పుడు ముందు చక్రం లేస్తుందా లేదా అన్న సంగతులు కార్బన్ నాణ్యత దాకా వెళ్లకముందే ఆ అచ్చుల లెక్కలో తేలిపోతున్నాయి. కొనేవాళ్లు మాత్రం ఏ గ్రేడు కార్బన్, ఎన్ని గ్రాములు అనే అడుగుతున్నారు. అమ్మేవాళ్లూ వాటికే జవాబు చెబుతున్నారు.

మేముండేది కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో. ఈ ఆటకు ఇంతకన్నా దగ్గరి ఊళ్లు తక్కువే. దక్షిణాన మోర్గన్ హిల్‌లో స్పెషలైజ్డ్ అనే సైకిళ్ల కంపెనీ ఉంది. కొండ దాటితే శాంటా క్రూజ్, ఆ ఊరి పేరే పెట్టుకున్న సైకిళ్ల కంపెనీ. ఉత్తరాన, వంతెన అవతల, టామల్పయస్ కొండ. 1976లో ఆ ప్రాంతంలోనే ఫెయిర్‌ఫాక్స్ దగ్గర రీప్యాక్ అనే మట్టి దారిలో కొందరు పాత బరువు సైకిళ్లేసుకుని పందేలు మొదలుపెట్టారు. నేను మెకానికల్ ఇంజినీర్ని. పగలు ఆఫీసులో అచ్చులు, వాటి ధరలు చూస్తూ ఉంటాను కాబట్టి కంపెనీల ఇబ్బంది నాకు బాగానే అర్థమవుతుంది. అయినా మా ఇంట్లో రెండు బండ్లు పక్కపక్కన చూస్తున్నాను కాబట్టి ఊరుకోలేకపోతున్నాను.

నా ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు. మా అబ్బాయి ఆరడుగులు దాటాడు. ఇద్దరివీ ఒకే మోడల్, ఒకే ఏడాది, ఒకే కార్బన్. నాది స్మాల్, వాడిది ఎక్స్‌ట్రా లార్జ్. మేం ఎక్కువగా వెళ్లేది స్కైలైన్ రోడ్డు మీది ఎల్ కోర్టే డి మడేరా అడవికి. రెడ్‌వుడ్ చెట్ల కింద నేల మెత్తగా, తడిగా ఉంటుంది. చెట్లు పల్చబడి ఎండ పడే చోట మాత్రం వేసవిలో గట్టి నేల మీద రవ్వలాంటి పొడి మట్టి పరుచుకుని ఉంటుంది. గట్టు లేని చదును మలుపు అలాంటి చోట వచ్చిందంటే మా అబ్బాయి ముందు చక్రం జారుతుంది. నాది జారదు. వాడు నాకన్నా వేగంగా వెళ్తాడు, నాకన్నా ధైర్యంగా దూకుతాడు, ఆ మలుపుల్లో మాత్రం కాలు దించేస్తాడు.

“అమ్మా, నువ్వేం చేస్తున్నావో నాక్కూడా చెప్పవా?” అని అడిగాడు. నేను ప్రత్యేకంగా చేస్తున్నదేమీ లేదు. గరాజ్‌లో స్నానాల గది కాటాలు రెండు తెచ్చి ఒకటి ముందు చక్రం కింద, ఇంకోటి వెనక చక్రం కింద పెట్టాం. పెడళ్లు సమంగా ఉంచి, పెడళ్ల మీద నిలబడి, హ్యాండిల్ మీద బరువు వేయకుండా వేళ్లతో తాకుతూ గోడ ఆసరాతో నిలబడాలి. నా బండి ముందు కాటా మీద పడిన వాటా వాడి బండి ముందు కాటా వాటా కన్నా స్పష్టంగా ఎక్కువ.

ఇందులో మర్మం ఏమీ లేదు. పెడళ్ల ఇరుసు తిరిగే చోటును బాటమ్ బ్రాకెట్ అంటారు. అక్కడి నుంచి వెనక ఇరుసు దాకా ఉన్న దూరం చెయిన్‌స్టే. బాటమ్ బ్రాకెట్ నుంచి ముందు ఇరుసు దాకా ఉన్నది ఫ్రంట్ సెంటర్. మనిషి బరువంతా పెడళ్ల మీదే ఉందనుకుంటే, ముందు చక్రానికి పడే వాటా వెనక దూరాన్ని రెండు ఇరుసుల మధ్య మొత్తం దూరంతో, అంటే వీల్‌బేస్‌తో, భాగిస్తే వస్తుంది. ఈ తరహా బండ్లకు మామూలుగా ఉండే కొలతలే తీసుకుందాం. వెనక దూరం అన్ని సైజులకూ 434 మి.మీ. స్మాల్‌లో ముందు దూరం 740 అయితే వాటా 37 శాతం. ఎక్స్‌ట్రా లార్జ్‌లో ముందు దూరం 830 అవుతుంది, వాటా 34.3 శాతానికి దిగుతుంది. స్మాల్ బండికున్న పొందికే పొడుగు మనిషికీ రావాలంటే వెనక దూరం 487 మి.మీ. ఉండాలి. ఏ కంపెనీ అంత ఇవ్వదు, నేనూ అంత అడగడం లేదు. 15 నుంచి 20 మి.మీ. పెంచినా మనిషి తన ఒంటితో మిగతాది సర్దుకోగలడు. అసలు ఏమీ పెంచకపోతే ప్రతి మలుపులోనూ గుర్తు పెట్టుకుని ముందుకు వంగాలి, హ్యాండిల్‌ని నొక్కాలి. అలసిపోయిన మధ్యాహ్నం పూట ఆ గుర్తు తప్పుతుంది, చక్రం జారుతుంది. తప్పు తనదేనని కుర్రాడు అనుకుంటాడు. నాకు బాధగా ఉండేది అక్కడే. దుకాణంలో వాడికి ఈ మాట చెప్పినవాళ్లే లేరు.

కొండ ఎక్కేటప్పుడు ఇంకో చిక్కు. 29 అంగుళాల వెనక చక్రం పైకి వచ్చినప్పుడు తగలకుండా సీటు ట్యూబును వంచి, బాటమ్ బ్రాకెట్‌కు కాస్త ముందు నుంచి లేపుతారు. స్పెసిఫికేషన్‌లో సీటు కోణం 76 డిగ్రీలని రాస్తారు కానీ, ట్యూబు అసలు వాలు 70 డిగ్రీల దగ్గర ఉండొచ్చు. అలా ఉంటే సీటు 100 మి.మీ. పైకి లేచిన ప్రతిసారీ 36 మి.మీ. వెనక్కీ జరుగుతుంది. పొట్టివాళ్లం సీటు కిందే ఉంచుతాం కాబట్టి మాకు రాసిన కోణమే దక్కుతుంది. పొడుగువాళ్లు వెనక ఇరుసు మీదికి వెళ్లి కూర్చుంటారు. కింద చెయిన్‌స్టే పొట్టిది, పైన మనిషి వెనక్కి జరిగాడు, రెండూ కలిసి నిటారు ఎక్కులో ముందు చక్రం నేల మీద నిలవదు.

ఈ కొలతలన్నీ గత 30 ఏళ్లలో బాగా మారాయి, మంచికే మారాయి. 1990లలో ఎక్కుతూ దిగుతూ సాగే పందేల క్రాస్‌కంట్రీ బండికి హెడ్ యాంగిల్, అంటే ముందు ఫోర్క్ వాలు, 71 డిగ్రీలు ఉండేది, హ్యాండిల్ వెడల్పు 600 మి.మీ. లోపే. ఇప్పుడు అడవి దారుల్లో తొక్కే ట్రెయిల్ బండికి 64, 65 డిగ్రీలు, హ్యాండిల్ 780 పైన, హ్యాండిల్‌ని పట్టుకునే స్టెమ్ 50 మి.మీ. లోపు. 29 అంగుళాల చక్రానికి 71 నుంచి 65 డిగ్రీలకు దిగితే, స్టీరింగ్ గీత నేలను తాకే చోటుకీ టైరు నేలను తాకే చోటుకీ మధ్య ఉండే దూరం సుమారు 80 మి.మీ. నుంచి 120 దాటుతుంది. నిటారు దిగుడులో రాయి తగిలినా హ్యాండిల్ చేతిలోంచి విదిలించుకుపోదు. 2010ల మొదట్లో స్పెయిన్ కంపెనీ మోండ్రాకర్ ముందు భాగాన్ని బాగా పొడిగించి, స్టెమ్‌ని చాలా పొట్టిది చేసి చూపించాక మిగతావాళ్లు ఒక్కొక్కరే అదే దారి పట్టారు. ముందు భాగం అలా పెరుగుతూ పోయింది. చాలా కంపెనీల దగ్గర వెనక భాగం ఉన్నచోటే ఉండిపోయింది, ఎందుకంటే దాని అచ్చు ఒక్కటే.

అచ్చు నడకను శాసించడం ఇప్పటి సంగతి కూడా కాదు. 1995లో ట్రెక్ కంపెనీ వై ఆకారంలో కార్బన్ ఫుల్ సస్పెన్షన్ బండి తెచ్చింది. ట్యూబులు అతికించిన బండిలా కాక ఒకే ముద్దగా పోతపోసినట్టుండే ఆ ఆకారాన్ని చూసి ఆ రోజుల్లో అందరూ ఆశ్చర్యపోయారు. కానీ అందులో బాటమ్ బ్రాకెట్ వెనక ఊగే భాగానికే బిగించి ఉండేది. రాళ్ల మీదికి వచ్చేసరికి ఎవరైనా పెడళ్ల మీద లేచి నిలబడతారు. అలా నిలబడిన క్షణంలోనే వాళ్ల బరువు ఆ ఊగే భాగం మీద పడి సస్పెన్షన్ బిగుసుకుపోయేది. కార్బన్ ఎంత గొప్పగా పరిచినా పివట్, అంటే ఊగే కీలు, పెట్టిన చోటు తప్పయితే ఆ గొప్పతనం పనికిరాలేదు.

కార్బన్‌ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆ పదార్థం మీద నాకు గౌరవం ఉంది, అది ఇవ్వగలిగినదాన్ని అందరూ సరిగ్గా అడగాలనే ఇదంతా రాస్తున్నాను. కార్బన్ పీచుకు వెదురు స్వభావం ఉంటుంది. పొడవునా లాగితే లొంగదు, అడ్డంగా పట్టుకుంటే చీలుతుంది. అందుకే పొరలను రకరకాల కోణాల్లో పరుస్తారు. ట్యూబు పొడవునా వేసిన పొర వంగకుండా కాపాడుతుంది, 45 డిగ్రీల్లో అటూ ఇటూ వేసినవి మెలి తిరగకుండా చూస్తాయి. అల్యూమినియంలో గోడ మందం పెంచితే అన్ని దిక్కుల్లోనూ గట్టితనం పెరుగుతుంది. కార్బన్‌లో ఒక దిక్కున పెంచి ఇంకో దిక్కున వదిలేయవచ్చు. బరువు కూడా కలిసొస్తుంది. కార్బన్ మిశ్రమం సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 1.6 గ్రాములు, అల్యూమినియంది 2.7.

గ్రేడు గొప్పల గురించి ఒక మాట. జపాన్ కంపెనీ టోరే తయారుచేసే టీ700 పీచు మాడ్యులస్, అంటే లాగితే సాగకుండా నిలిచే గట్టితనం, 230 గిగాపాస్కల్స్, టీ800ది 294. పెద్ద అంకె ఉన్న పీచు వాడితే అదే గట్టితనం తక్కువ మెటీరియల్‌తో వస్తుంది, కాబట్టి గోడ పల్చన చేయవచ్చు. రోడ్డు సైకిల్‌కు అది లాభం. రాళ్లు ఎగిరి ఫ్రేమ్ కింది గొట్టానికి (డౌన్‌ట్యూబుకు) తగిలే మౌంటెన్ బైక్‌కు పల్చని గోడ లాభం అనుకోను. 200 గ్రాములు ఎక్కువున్నా రాయి దెబ్బకు ఓర్చే గోడే నాకు కావాలి.

ఇంకో ప్రచారం కూడా వింటుంటాం, కార్బన్ కుదుపుల్ని మింగేస్తుందని. సస్పెన్షన్ లేని బండికి అందులో కొంత నిజముంది. వెనక చక్రాన్ని 140 మి.మీ. దాకా కదలనిచ్చే షాక్ (కుదుపుకు అణిగి లేచే భాగం), మెత్తగా గాలి కొట్టిన 2.4 అంగుళాల టైరు ఉన్న బండిలో ఫ్రేమ్ నిలువునా వంగేది వాటి పక్కన లెక్కలోకే రాదు. ఫుల్ సస్పెన్షన్‌లో కార్బన్ పని పక్కకు వంగడం దగ్గర, మెలి తిరగడం దగ్గర మొదలవుతుంది.

ఇక్కడ కంపెనీలు చాలాకాలం ఒకే పాట పాడాయి. ఈ ఏడాది ఫ్రేమ్ పోయినేటి ఫ్రేమ్ కన్నా ఇంత శాతం గట్టిది అని. గట్టితనం ఎంత పెరిగితే అంత మంచిదన్న నమ్మకం మలుపులో చెల్లదు. బండి పక్కకు వాలి ఉన్నప్పుడు షాక్ పనిచేసేది బండి వాలిన తలంలో. నేల నుంచి వచ్చే రాళ్ల దెబ్బలో కొంత ఆ తలానికి అడ్డంగా తగులుతుంది. అప్పుడు దాన్ని తీసుకోవాల్సింది టైరు పక్కగోడ, చక్రం, ఫ్రేమ్ వెనక భాగం. అవి కాస్త పక్కకు లొంగితే టైరు నేలను వదలదు. అసలు లొంగకపోతే టైరు రాయి మీంచి రాయి మీదికి ఎగిరి పడుతూ బయటికి జారుతుంది.

మోటర్‌సైకిల్ పందేల వాళ్లకు ఇది బాగా తెలుసు. డుకాటీ 2009లో మోటోజీపీ బండికి కార్బన్ ఫ్రేమ్ పెట్టింది. కేసీ స్టోనర్ దాని మీద రేసులు గెలిచాడు. 2011లో వచ్చిన వలెంటీనో రొస్సీకి ఆ బండి ముందు చక్రం ఏం చెబుతోందో చేతికి తెలియలేదు. 2012కల్లా డుకాటీ అల్యూమినియం ఫ్రేమ్‌కు వచ్చేసింది. ఆ బండి కష్టాలన్నిటికీ ఫ్రేమ్ ఒక్కటే కారణమని చెప్పను, మార్చాక కూడా వాళ్లకు వెంటనే గెలుపులు రాలేదు. కానీ పక్కకు లొంగడాన్ని కొలిచి మరీ డిజైన్ చేయాలన్న సంగతి ఆ రంగంలో ఎవరూ కాదనరు.

కొండ దిగడమే పోటీ అయిన డౌన్‌హిల్ సైకిల్ పందేల్లో ఇంకా తేటగా కనిపిస్తుంది. అండోరాలోని కమాన్సాల్ కంపెనీ అల్యూమినియం ఫ్రేములే అమ్ముతుంది. ఆ బండి మీద అమోరీ పియెరో 2018లోనూ 2022లోనూ ప్రపంచ కప్ మొత్తం పట్టికలో మొదటివాడయ్యాడు, మిరియమ్ నికోల్ 2019లో, 2021లో ప్రపంచ ఛాంపియన్ అయింది. స్పెషలైజ్డ్ అయితే కార్బన్‌లో అమ్ముతున్న డెమో అనే డౌన్‌హిల్ బండిని 2020 మోడల్‌కు అల్యూమినియంలోకి మార్చింది. లొయిక్ బ్రూనీ 2022లో ప్రపంచ ఛాంపియన్ అయింది ఆ బండి మీదే. అచ్చు అవసరం లేని అల్యూమినియంతో ట్యూబు కోసి, వెల్డింగ్ చేసి, వారంలో కొత్త కొలతతో ఇంకో నమూనా తయారు చేసుకోవచ్చు. చెయిన్‌స్టే 10 మి.మీ. పెంచి చూద్దామని రైడర్ అడిగితే ఇంజినీరు కాదనాల్సిన పని ఉండదు. ఆ గెలుపుల వెనక లోహం కన్నా ఈ వెసులుబాటే ఎక్కువ పనిచేసిందని నేను నమ్ముతాను.

దీనికి కార్బన్‌లోనూ దారి ఉంది. బ్రిటన్‌లో వేల్స్‌లోని ఆథర్టన్ కుటుంబం తయారుచేసిన కార్బన్ బండ్లలో ట్యూబులు నిటారైనవి, మామూలువి. వాటిని కలిపే ముడులు టైటానియం పొడితో త్రీడీ ప్రింట్ చేసినవి. ట్యూబు పొడవు మార్చి, ముడి కోణం మార్చి ప్రింట్ చేస్తే కొత్త సైజు సిద్ధం. పెద్ద అచ్చులే లేవు కాబట్టి వాళ్లు ఆ కార్బన్ మోడళ్లను ఇరవైకి పైగా సైజుల్లో ఇవ్వగలిగారు. 2023లో ఫోర్ట్ విలియంలో చార్లీ హాటన్ ప్రపంచ ఛాంపియన్ అయింది ఆ బండి మీద. నాకు ఆ ముడి చూసినప్పుడల్లా సంతోషంగా ఉంటుంది. లాగుడు ఒకే దిక్కున ఉండే ట్యూబులో కార్బన్ ఉంది, అన్ని దిక్కుల నుంచీ బలం వచ్చిపడే ముడిలో లోహం ఉంది.

అచ్చులు వాడే కంపెనీలకు కూడా ఉపాయం లేకపోలేదు. ముందు ట్రయాంగిల్‌కు ఎలాగూ సైజుకొక అచ్చు చెక్కాలి కదా. ఆ అచ్చులో ప్రధాన పివట్‌కీ బాటమ్ బ్రాకెట్‌కీ మధ్య దూరాన్ని సైజును బట్టి మార్చేస్తే, వెనక ట్రయాంగిల్ ఒకటే అయినా చెయిన్‌స్టే పొడవు మారుతుంది. కెనడా కంపెనీ నార్కో గ్రావిటీ ట్యూన్ పేరుతో చేసింది ఇదే. శాంటా క్రూజ్ కూడా ఈమధ్య మోడళ్లలో సైజును బట్టి చెయిన్‌స్టే పెంచుతోంది. స్పెషలైజ్డ్ స్టంప్‌జంపర్ ఈవోలో చిన్న సైజులు నాలుగింటికి 438, పెద్దవి రెండింటికి 448 మి.మీ. ఇచ్చింది. అది సగం పనే, అయినా సగం పని జరిగింది.

సస్పెన్షన్ లింకుల్లో కూడా సైజు లెక్క దాగి ఉంటుంది. పెడల్ తొక్కినప్పుడు బరువు వెనక్కి పడి షాక్ అణగబోతుంది. చెయిన్ లాగుడూ లింకుల కోణమూ కలిసి దాన్ని ఎంతవరకు ఆపుతాయో చెప్పే అంకె యాంటీ స్క్వాట్. ఆ అంకెను లెక్కగట్టేది మనిషి, బండి కలిసిన గరిమనాభి ఎంత ఎత్తులో ఉందో చూసి. మనిషి పొడుగైతే గరిమనాభి పైకి వెళ్తుంది, అవే లింకులు ఇచ్చే శాతం తగ్గుతుంది. కాబట్టి ఒకే ఫ్రేమ్ నా కింద బిగువుగా తొక్కించుకుంటుంది, మా అబ్బాయి కింద ఊగుతుంది. హోర్స్ట్ లైట్నర్ అనే డిజైనర్ వెనక ఇరుసు ముందు పెట్టిన పివట్ కోసం స్పెషలైజ్డ్ 1998లో పేటెంటే కొనుక్కుంది, డేవ్ వీగల్ అనే ఇంకో డిజైనర్ లింకుల కోసం కంపెనీలు లైసెన్సులు తీసుకున్నాయి. లింకుల పేర్ల మీద ఇంత పోరాడిన పరిశ్రమ ఆ లింకులు ఏ ఎత్తు మనిషి కోసం గీసినవో మాత్రం స్పెసిఫికేషన్‌లో రాయదు. చాలాసార్లు అది మధ్య సైజు మనిషి కోసమే.

పొరల సంగతీ అంతే. 55 కిలోల మనిషికీ 90 కిలోల మనిషికీ ఒకే తీరుగా పొరలు పరిస్తే, ఒకరికి బండి మొండిగా ఉంటుంది, ఇంకొకరికి మలుపులో మెలి తిరుగుతుంది. స్పెషలైజ్డ్ వంటి కొన్ని కంపెనీలు సైజును బట్టి పొరలు మారుస్తామని చెబుతున్నాయి. ఇదైతే అచ్చు మార్చకుండానే చేయగలిగిన పని. గుడ్డ ముక్కల పటం మారిస్తే చాలు. దీన్ని కూడా చేయని కంపెనీని నేను సమర్థించలేను.

కార్బన్ నిజంగా కార్బన్‌గా పనిచేసే చోటు క్రాస్‌కంట్రీ బండ్ల వెనక కాళ్లు, అంటే వెనక ఇరుసును ఫ్రేమ్‌కు కలిపే సన్నని గొట్టాలు. కానన్‌డేల్ 2002 మోడల్‌గా తెచ్చిన స్కాల్పెల్‌లో వెనక ఇరుసు దగ్గర పివట్ లేదు, చెయిన్‌స్టే కార్బన్ ప్లేటే వంగుతుంది. ఇప్పుడు 120 మి.మీ. ప్రయాణం ఉన్న స్కాట్ స్పార్క్‌లోనూ పైకాళ్లు వంగేలా చేసి బేరింగులు మానేశారు. ఆ వంపు కొద్ది డిగ్రీలే, కానీ లక్షలసార్లు జరగాలి. ఇంతలోపు వంగితే ఎప్పటికీ విరగదనే హద్దు అల్యూమినియంకు లేదు, చిన్న వంపైనా పదేపదే జరిగితే ఎప్పటికో ఒకప్పటికి బీట పడుతుంది. సరిగ్గా పరిచిన కార్బన్ ఆ వంపును చాలా బాగా ఓర్చుకుంటుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో యారొస్లావ్ కుల్హావీ ఫుల్ సస్పెన్షన్ బండి మీద బంగారం గెలిచాడు. 2016 రియోలో నీనో షుర్టర్ స్పార్క్ మీద గెలిచాడు. అంతకుముందు ఫుల్ సస్పెన్షన్ బరువని క్రాస్‌కంట్రీ వాళ్లు దూరం పెట్టేవారు. ఆ బరువు తగ్గించి వాళ్ల మనసు మార్చింది కార్బనే, దానికి ఆ ఘనత ఇవ్వాలి.

ఇక రోజువారీ సంగతి, బేరింగులు. కార్బన్‌లో బేరింగ్‌ను నేరుగా కొట్టి కూర్చోబెడితే ఆ రంధ్రం ఎన్నాళ్లో నిలవదు. అందుకని అల్యూమినియం గొట్టం ముక్కను జిగురుతో అతికించి అందులో కూర్చోబెడతారు. ఎడమ గొట్టం, కుడి గొట్టం ఒకే గీతలో లేకపోతే బోల్టు బిగించేకొద్దీ బేరింగులు పక్కకు నలుగుతాయి. నా పాత కార్బన్ బండికి అదే జరిగింది. ప్రధాన పివట్ బేరింగులు కొత్తవి వేసిన కొన్నాళ్లకే గరగరమనేవి. షాక్ విప్పేసి వెనక ట్రయాంగిల్‌ను చేత్తో పైకీ కిందకీ ఊపి చూశాను. నూనెలో ఊగినట్టు ఊగాల్సింది ఒకచోట పట్టేసేది. బేరింగులు తీసి, రెండు గొట్టాల్లోంచి నిటారు ఇనుప కడ్డీ దూరుస్తే రెండోదాంట్లోకి వెళ్లలేదు. ఆ కంపెనీ ఫ్రేమ్ మార్చి ఇవ్వడానికి చాలా నెలలు తీసుకుంది. అప్పటినుంచి ఎవరు కార్బన్ ఫ్రేమ్ కొన్నా, షాక్ బిగించకముందే వెనక భాగాన్ని ఊపి చూడమని చెబుతున్నాను. ఫ్రేమ్ మీద రాయి తగిలిన చోట నాణెంతో తట్టి వినండి. మిగతా చోట టకటకమని, అక్కడ మాత్రం బొదబొదమని వినిపిస్తే లోపలి పొరలు విడిపోయాయని అనుమానించాలి. విడిపోయినంత మాత్రాన ఫ్రేమ్ చెత్తలో పడేయనక్కర్లేదు. పాడైన పొరలు అరగదీసి కొత్తవి వేసే పని తెలిసిన దుకాణాలున్నాయి. శాంటా క్రూజ్ దగ్గర కాల్ఫీ డిజైన్ వాళ్లు ఏళ్ల తరబడి ఆ పని చేసి పేరు తెచ్చుకున్నారు.

హైదరాబాద్‌లో ఉండే మా పిన్ని కొడుకు వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో తొక్కుతాడు. “అక్కా, వచ్చేటప్పుడు నీ సూట్‌కేసులో కార్బన్ ఫ్రేమ్ పట్టుకురావా?” అని అడిగాడు. వద్దురా అన్నాను. అక్కడి ఎర్ర దుమ్ము, ఆ తర్వాత వర్షాలు బేరింగుల్ని తొందరగా తినేస్తాయి. 6902, 6900 లాంటి మామూలు నంబరు బేరింగులున్న అల్యూమినియం ఫ్రేమ్ అయితే సికింద్రాబాద్ రాణీగంజ్‌లో బేరింగుల దుకాణానికి వెళ్లి తెచ్చుకోవచ్చు. గేర్లు మార్చే డీరెయిలర్‌ను ఫ్రేమ్‌కు పట్టి ఉంచే హ్యాంగర్ కూడా 2019లో శ్రామ్ అనే విడిభాగాల కంపెనీ తెచ్చిన యూనివర్సల్ రకమే ఉండాలన్నాను. ఫ్రేమ్‌లో బీట వస్తే వాడికి వారంటీ కోసం పసిఫిక్ దాటి పార్శిల్ పంపే ఓపిక ఎక్కడిది? వాడి ఎత్తుకు మధ్య సైజు సరిపోతుంది, మధ్య సైజులో చెయిన్‌స్టే గొడవ తక్కువ. వాడి విషయంలో కార్బన్ ఇచ్చే లాభం వాడు పడే అవస్థకు సరిపోదు.

మా అబ్బాయి బండికి మాత్రం ఉన్నంతలో చేశాం. హ్యాండిల్ కింద ఎత్తు కోసం వేసే రింగులు, స్పేసర్లు, రెండు తీసి ముందు భాగం దించాం, సీటును పట్టాల మీద చివరిదాకా ముందుకు జరిపాం, ఫోర్క్‌లో గాలి కాస్త తగ్గించి షాక్‌లో పెంచాం. మలుపుల్లో తేడా వచ్చింది, వాడి ముఖంలోనే కనిపించింది. కానీ ఇవన్నీ పైపై సర్దుబాట్లు. స్పేసర్లు తీస్తే నిటారు దిగుడులో చేతుల మీద బరువు పెరుగుతుంది. 20 మి.మీ. చెయిన్‌స్టే చేయాల్సిన పనిని ఏ స్పేసరూ పూర్తిగా చేయలేదు.

కంపెనీలవాళ్లు ఇచ్చే జవాబు నాకు తెలుసు. ఎక్స్‌ట్రా లార్జ్ కొనేవాళ్లు తక్కువ, వాళ్ల కోసం ఇంకో అచ్చు పెడితే గిట్టదంటారు. ఎక్స్‌ట్రా స్మాల్ కొనే ఆడవాళ్ల విషయంలోనూ ఇదే మాట వింటుంటాను. కానీ అదే కంపెనీలు ఈమధ్య కేబుళ్లు బయట కనిపించకూడదని వాటిని హెడ్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగుల కూర్పు, లోపలి నుంచి పంపడానికి ముందు ట్రయాంగిళ్ల అచ్చులన్నీ, ఐదుకు ఐదూ, కొత్తగా చెక్కించాయి. దానివల్ల ఏ మలుపూ తేలిక కాలేదు. పైగా పై బేరింగ్ మార్చాలంటే బ్రేకు గొట్టం విప్పి మళ్లీ నూనె నింపుకోవాల్సి వస్తోంది. ఆ ఐదు అచ్చుల్లో ఒక్కదానికి పెట్టిన డబ్బుతో పెద్ద సైజులకు రెండో వెనక ట్రయాంగిల్ వచ్చేది.